ఆల్బమ్‌కు ఒక మానిటర్, పట్టుచీరకు ఒక మానిటర్

అనంతపురంలో ఫొటో స్టూడియో నడిపేవాళ్లు కొత్త మానిటర్ గురించి అడిగితే ముందుగా వినిపించే ఫిర్యాదు ఒకటే: "స్క్రీన్ మీద బాగానే ఉంది, ఆల్బమ్ మాత్రం నల్లగా వచ్చింది." ఆ వెంటనే ఆల్బమ్ అచ్చు వేసే ల్యాబ్ వాళ్లను నాలుగు మాటలనడం, ఆ తర్వాత మానిటర్ మార్చేయాలనుకోవడం. రెండూ తొందరపాటే. ప్రింటు నల్లబడిందంటే చాలాసార్లు మానిటర్ వెలుగు మరీ ఎక్కువగా ఉందని అర్థం. పెట్టెలోంచి తీసిన మానిటర్ 250 నుంచి 350 నిట్స్ (తెర వెలుగు కొలత) వరకు వెలుగుతుంది. ప్రింటు పనికి 80 నుంచి 120 నిట్స్ చాలు. అంత వెలుగులో పెళ్లికూతురి ముఖం నిండుగా కనిపిస్తుంటే ఎవరైనా ఎక్స్‌పోజర్ పెంచరు, ఇంకాస్త తగ్గిస్తారు కూడా. కాగితానికి సొంత వెలుగు లేదు కదా, దాని మీద అదే ముఖం మాడిపోయినట్టు కనిపిస్తుంది.

అందుకే జేబులోంచి డబ్బు తీసే ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. ఫొటోషాప్‌లో ఖాళీ తెల్ల పేజీ తెరవండి. ప్రింటు వేయని ఫొటో కాగితం ఒకటి తీసుకుని, మీరు మామూలుగా ప్రింట్లు చూసుకునే లైటు కింద, మానిటర్ పక్కన పట్టుకోండి. కాగితం తెలుపు, స్క్రీన్ తెలుపు ఒకే వెలుగులో ఉన్నట్టు అనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గిస్తూ రండి. చాలా మానిటర్లలో అది 20, 30 దగ్గర ఆగుతుంది. మొదటి రెండు రోజులు తెర మబ్బు పట్టినట్టుంటుంది, తర్వాత కళ్లు అలవాటుపడతాయి. ఇప్పుడు నల్లగా వచ్చిన ఆ పాత ఫైలును మళ్లీ తెరవండి. అది ప్రింటులాగే కనిపిస్తోందంటే మీ మానిటర్‌లో తప్పేమీ లేదు. వెలుగు కలిసినా రంగులు కలవకపోతే మాత్రం కొత్త మానిటర్ ఆలోచన న్యాయమే.

ఫొటో చివరికి ఎక్కడికి చేరుతుంది?

"మంచి మానిటర్ ఏది" అన్న ప్రశ్నకు జవాబు లేదు. "నా ఫొటోలు ఎక్కడ అచ్చవుతాయి" అన్న ప్రశ్నకు ఉంది. ఇది తేల్చుకోకుండా కొన్న మానిటర్ ఎంత ఖరీదైనదైనా సగం దండగే.

మన జిల్లాల్లో ఎక్కువమంది పని పెళ్లి ఆల్బమ్. ఫైళ్లు జేపెగ్‌లుగా ల్యాబ్‌కు వెళ్తాయి, ల్యాబ్ వాళ్లు ఎస్‌ఆర్‌జీబీలో పంపమంటారు. ఎస్‌ఆర్‌జీబీ అనేది 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి రూపొందించిన రంగుల పరిధి. అప్పటి మామూలు మానిటర్లు చూపగలిగిన రంగులే దానికి హద్దు. అడోబీ ఆర్‌జీబీ 1998లో వచ్చింది. ఎరుపు, నీలం చివరలు రెండింటికీ ఒకటే, ఆకుపచ్చ కొన మాత్రం అడోబీలో చాలా దూరం జరిగింది. కంటికి కనిపించే రంగులన్నీ గీసిన పటంలో ఎస్‌ఆర్‌జీబీ సుమారు 35 శాతాన్ని, అడోబీ ఆర్‌జీబీ సుమారు 50 శాతాన్ని కప్పుతాయి. అడోబీ వల్ల దక్కే అదనపు రంగులు ఆకుపచ్చలో, నీలిపచ్చలో ఉన్నాయి. చీరల దుకాణం భాషలో చెప్పాలంటే నెమలికంఠం, రామా గ్రీన్, చిక్కటి చిలకపచ్చ.

మూడోది సినిమా ప్రొజెక్షన్ నుంచి వచ్చిన డీసీఐ-పీ3. ఇది ఎరుపు, నారింజ వైపు ఎక్కువ చూపుతుంది, నీలిపచ్చ వైపు అడోబీ అంత దూరం పోదు. యాపిల్ 2015 నుంచి తన ఐమ్యాక్‌లలో దీని ఆధారంగా తెరలు పెడుతోంది. వీడియో పనికి, ఫోన్లలో చూసే రీళ్లకు బాగుంటుంది. ప్రింటు కోసమే మానిటర్ కొనేవారు పీ3 అంకెను చూసి మురిసిపోనక్కర్లేదు.

ఇక్కడే చాలామంది జారిపడతారు. ల్యాబ్‌కు ఎస్‌ఆర్‌జీబీ ఫైలే పంపేటప్పుడు వెడల్పు పరిధి ఉన్న మానిటర్ వల్ల ఒరిగేది తక్కువ, చెడేది ఎక్కువ. రంగుల ప్రొఫైల్‌ను (ఫైలులోని రంగులు ఏ పరిధివో చెప్పే సమాచారాన్ని) పట్టించుకోని ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనో, ఫొటోలు చూసే మామూలు ప్రోగ్రామ్‌లోనో ఆ మానిటర్ ముఖాలను ఎర్రగా, కుంకుమ రాసినట్టు చూపిస్తుంది. మీరు ఆ ఎరుపు తగ్గిస్తారు. ప్రింటులో పెళ్లికొడుకు జ్వరం పడి లేచినవాడిలా వస్తాడు. దీనికి తిరగేసిన తప్పు ఇంకొకటి: కెమెరాలో అడోబీ ఆర్‌జీబీ పెట్టుకుని, ఆ ఫైలును మార్చకుండా ల్యాబ్‌కు పంపడం. ప్రొఫైల్ చదవని యంత్రం దాన్ని ఎస్‌ఆర్‌జీబీగానే తీసుకుంటుంది, రంగులన్నీ వెలిసిపోతాయి.

స్టూడియోలోనే ఆరు రంగుల ఇంక్‌జెట్ ప్రింటర్ పెట్టుకుని, ఉదాహరణకు ఎప్సన్ ఎల్8050 లాంటిది, మంచి గ్లాసీ కాగితం మీద ప్రింట్లు తీసేవారి సంగతి వేరు. ఆ సిరా కొన్ని నీలిపచ్చలను, పసుపులను ఎస్‌ఆర్‌జీబీ దాటి అచ్చు వేయగలదు. మీ మానిటర్ ఎస్‌ఆర్‌జీబీతో ఆగిపోతే ప్రింటర్ వేయబోయే రంగు తెర మీద మీకు కనిపించదు. అలాంటివారికి అడోబీ ఆర్‌జీబీ మానిటర్‌కు పెట్టిన డబ్బు వృథా కాదు.

ఫ్లెక్సీలు మాత్రమే వేసేవారు ఈ గొడవంతా పక్కన పెట్టి వెలుగు సరిచేసుకుంటే చాలు. ఇరవై అడుగుల దూరం నుంచి ఎండలో చూసే బ్యానర్‌కు లక్ష రూపాయల మానిటర్ అక్కర్లేదు.

ధర్మవరం చీర పెట్టే పరీక్ష

మానిటర్‌కు నిజమైన పరీక్ష ధర్మవరం పట్టుచీర. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు కావడంతో చీర మడత కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. ఒంటి రంగు నెమలికంఠం, అంచు అరక్కు, దాని మీద జరీ అనుకోండి. ఆన్‌లైన్‌లో అమ్మేందుకు దుకాణదారు కేటలాగ్ చేయిస్తాడు. ప్రింటు చూసి "అన్నా, చీర బాగుంది, కానీ ఇది మా చీర కాదు" అంటాడు. ఆ మాటలో నిజముంది. కొన్నావిడ పార్శిల్ విప్పి చూసి తిప్పి పంపితే నష్టం అతనిదే.

ఆ చీరను ఎస్‌ఆర్‌జీబీ మానిటర్ మీద చూస్తే నెమలికంఠంలోని లోతు ఒకచోట ఆగిపోతుంది. మడతల్లో వేర్వేరుగా ఉండాల్సిన మూడు నాలుగు ఛాయలు ఒకే రంగుగా కలిసిపోయి, గుడ్డ మీద రంగు పూసినట్టు చదునుగా కనిపిస్తుంది. అదే రా ఫైలును (కెమెరా తీసిన, ఇంకా జేపెగ్‌గా మార్చని ఫైలును) అడోబీ ఆర్‌జీబీ మానిటర్ మీద తెరిస్తే ఆ మడతలు విడివడతాయి. తేడా తెలియాలంటే చీర చెంగును మానిటర్ పక్కనే, మంచి లైటు కింద పెట్టుకుని చూడాలి. జ్ఞాపకం మీద రంగును పోల్చగలననుకోవడం ఎవరికీ మంచిది కాదు.

అరక్కు రంగు దగ్గర సమస్య మరోలా ఉంటుంది. చిక్కటి ఎరుపులు ఏ ఐపీఎస్ రకం తెర ఉన్న మానిటర్ మీదైనా దాదాపు సరిగానే కనిపిస్తాయి, కానీ నీడల్లో నలుపులో కలిసిపోతాయి. అక్కడ రంగుల పరిధి కన్నా చీకటి ఛాయలను విడదీసి చూపే గుణం, అంటే గామా సరిగ్గా ఉండటం ముఖ్యం. ఇంకు బ్లూ చీరలు మరో తలనొప్పి. తెర మీద నీలంగా మెరిసేది నాలుగు రంగుల సిరాతో అచ్చయితే వంకాయ రంగుకు జారుతుంది. ఏ మానిటర్ కొన్నా అది ఆగదు. ప్రింటుకు ముందే తెర మీద చూసుకోగలగడమే మనం చేయగలిగింది, దానికి ఫొటోషాప్‌లోని సాఫ్ట్ ప్రూఫ్ ఉంది. ల్యాబ్ వాళ్లనడిగి వారి కాగితం ఐసీసీ ప్రొఫైల్ (రంగుల లెక్క ఉన్న ఫైలు) తెచ్చుకుని, ప్రూఫ్ సెటప్‌లో దాన్ని ఎంచుకుంటే ఆ కాగితం మీద రంగు ఎలా పడుతుందో ముందే కనిపిస్తుంది. అచ్చుకు అందని రంగులను గ్యామట్ వార్నింగ్ బూడిద రంగులో చూపిస్తుంది. ప్రొఫైల్ ఇవ్వగల ల్యాబ్ దొరికితే వదులుకోవద్దు.

జరీ మెరుపు సంగతి అడగకండి. అది లైటింగ్ పని. ఏ తెరా, ఏ సిరా బంగారాన్ని చూపలేవు, బంగారం మీద పడిన వెలుగును చూపుతాయి. ప్రొద్దుటూరు నగల ఫొటోలు తీసేవారికి ఈ విషయం నాకన్నా బాగా తెలుసు.

పెట్టె మీది అంకెలు

తెర తయారయ్యే ప్యానెల్ రకాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. టీఎన్ రకం వద్దు. తల కాస్త పైకెత్తితే రంగు మారిపోతుంది. వీఏ తెరల్లో నలుపు బాగుంటుంది గానీ, పక్క నుంచి చూస్తే చీకటి ఛాయలు తేలిపోతాయి. పెద్ద వీఏ తెర ముందు కూర్చుంటే మధ్యలో ఒక గామా, అంచుల్లో మరొకటి. గేమింగ్ కోసం అమ్మే వంపు తిరిగిన మానిటర్లలో ఎక్కువ ఇవే. ఓఎల్‌ఈడీ చూడముచ్చటగా ఉంటుంది. అయితే తెర మీద తెలుపు పెరిగినకొద్దీ చాలా ఓఎల్‌ఈడీలు మొత్తం వెలుగును వాటంతటవే తగ్గించుకుంటాయి, ఫొటోషాప్ టూల్‌బార్లు గంటల తరబడి కదలకుండా ఉంటే ముద్ర పడే భయమూ ఉంది. ప్రింటు పనికి ఐపీఎస్ తీసుకోండి. దానికీ లోపముంది: చీకటి గదిలో మూలలు తెల్లగా మెరుస్తాయి. అది భరించదగ్గదే.

ల్యాప్‌టాప్ మీద ఎడిటింగ్ చేసేవారు తమ తెర వివరాల్లో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉందేమో చూసుకోవాలి (ఎన్‌టీఎస్‌సీ అనేది పాత టీవీల రంగుల పరిధి). తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలు. దాని అర్థం ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండొంతులు కూడా సరిగా చూపలేని తెర అని. ఎరుపు ఇటుక రంగులా, పసుపు మట్టి రంగులా కనిపిస్తుంది. కాలిబ్రేషన్ (పరికరంతో కొలిచి రంగులు సరిచేయడం) చేసినా లేని రంగు పుట్టదు. అలాంటి ల్యాప్‌టాప్‌కు పక్కన ఒక మానిటర్ తగిలించడమే మార్గం. "72 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే అది సుమారుగా ఎస్‌ఆర్‌జీబీ అంత విస్తృతి అని లెక్క.

"125 శాతం ఎస్‌ఆర్‌జీబీ" అని రాసి ఉంటే కాస్త ఆగండి. అది పరిధి మొత్తం వైశాల్యం. ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో నిజంగా ఎన్ని దొరుకుతున్నాయన్నది "కవరేజ్" అనే అంకె చెబుతుంది, మనకు కావలసింది అది. ఎరుపు వైపు బాగా సాగి, నీలిపచ్చ వైపు కుంగిన తెర కూడా వైశాల్యంలో 125 శాతం చూపించగలదు.

డెల్టా ఈ అంటే కావలసిన రంగుకూ తెర చూపిన రంగుకూ మధ్య ఉన్న దూరం. 2 లోపుంటే మామూలు కంటికి తేడా పట్టుకోవడం కష్టం. మంచి మానిటర్లతో పాటు ఫ్యాక్టరీ పరీక్ష కాగితం ఒకటి వస్తుంది, పారేయకండి. కాకపోతే అది ఫ్యాక్టరీలో, ఆ రోజున తీసిన లెక్క. ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్ వయసుతో పాటు రంగు మారుతుంది. హెచ్‌డీఆర్400 (వెలుగు, చీకటి తేడా ఎక్కువ చూపే తెరలకు ఇచ్చేది) ముద్రను చూసి ప్రింటు పనికి డబ్బు ఎక్కువ పెట్టవద్దు. ఒక్కో రంగుకు ఎక్కువ ఛాయలు చూపే 10 బిట్ తెర ఉంటే ఆకాశంలో గీతలు పడకుండా నునుపుగా కనిపిస్తుంది, లేకపోయినా ఆల్బమ్ పని ఆగదు.

ఏవి చూడవచ్చు

ధరలు పండుగ ఆఫర్లకు తగ్గి, తర్వాత పెరుగుతుంటాయి, కాబట్టి స్థూలంగా మూడు మెట్లుగా చెబుతాను.

మొదటి మెట్టు, ఎస్‌ఆర్‌జీబీని పూర్తిగా చూపే ఐపీఎస్ మానిటర్లు. ఏసుస్ ప్రోఆర్ట్ పీఏ248క్యూవీ ఇందులో చాలాకాలంగా నమ్మకమైన పేరు. 24.1 అంగుళాలు, 1920×1200, ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం, ఫ్యాక్టరీలోనే డెల్టా ఈ 2 లోపు సరిచేసి పంపుతారు. తెర 16:10 కావడంతో మామూలు మానిటర్ కన్నా నిలువు ఎత్తు కాస్త ఎక్కువ. దీని అన్న లాంటిది పీఏ278క్యూవీ: 27 అంగుళాలు, 2560×1440. ల్యాబ్ ఆల్బమ్‌లు చేసే స్టూడియోకు, బడ్జెట్ ముప్పై వేల లోపు ఉంటే, నేను ఈ రెండింటిని దాటి వెళ్లమని చెప్పను. మిగిలిన డబ్బుతో కొనాల్సింది వేరే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

రెండో మెట్టు, వెడల్పు పరిధి ఉన్నా ప్రధానంగా అన్ని పనులకూ చేసినవి. డెల్ అల్ట్రాషార్ప్ యూ2723క్యూఈ 27 అంగుళాల 4కే (3840×2160), పీ3 98 శాతం, కాంట్రాస్ట్ (తెలుపు, నలుపుల మధ్య తేడా) 2000:1. మామూలు ఐపీఎస్‌లో అది 1000:1 చుట్టుపక్కలే కాబట్టి నలుపులు దీనిలో మెరుగు. ఏసుస్ ప్రోఆర్ట్ పీఏ279సీఆర్‌వీ కూడా 27 అంగుళాల 4కే, పీ3, అడోబీ ఆర్‌జీబీ రెండూ 99 శాతం అని కంపెనీ చెబుతుంది. ఫొటోతో పాటు పెళ్లి వీడియో కూడా ఎడిట్ చేసేవారికి ఇవి సరైన చోటు. వీటిలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉంటుంది, ల్యాబ్ పని చేసేటప్పుడు అందులో పెట్టుకోవాలి. కొన్ని మానిటర్లలో ఆ మోడ్ వేయగానే బ్రైట్‌నెస్ మార్చనివ్వదు. కొనే ముందు అడిగి తెలుసుకోవాల్సిన మొదటి విషయం ఇదే.

మూడో మెట్టు, ప్రింటు కోసమే పుట్టినవి. బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ వరుస, ఐజో కలర్‌ఎడ్జ్ వరుస. ఎస్‌డబ్ల్యూ240, ఎస్‌డబ్ల్యూ270సీ, ఎస్‌డబ్ల్యూ272యూ మూడూ అడోబీ ఆర్‌జీబీని 99 శాతం చూపుతాయి. ఐజో సీఎస్2740 కూడా అంతే. వీటికి ఎక్కువ ధర ఎందుకంటే, రంగుల సవరణ కంప్యూటర్‌లో కాకుండా మానిటర్ లోపలి చిప్‌లో జరుగుతుంది. మామూలు మానిటర్‌లో సవరణ గ్రాఫిక్స్ కార్డు దగ్గర జరగడం వల్ల కొన్ని ఛాయలు నష్టపోయి, నున్నటి గోడ మీద మెట్లు మెట్లుగా గీతలు కనిపిస్తాయి. ఇందులో ఆ బాధ తక్కువ. తెర నాలుగు మూలలూ ఒకే వెలుగులో ఉండేలా కూడా వీటిలో శ్రద్ధ పెడతారు. ఐజో సీజీ వరుసలో అయితే కొలిచే సెన్సర్ మానిటర్‌లోనే ఉంటుంది, మనం పెట్టిన వేళకు తనంతట తానే సరిచేసుకుంటుంది.

చీరల కేటలాగు, చిత్రాల నకళ్లు, నిమ్మలకుంట తోలుబొమ్మల లాంటి వాటిని ఉన్న రంగులో చూపాల్సిన పని ఉన్నవారు మూడో మెట్టు ఎక్కాలి. మిగిలినవారు ఎక్కితే గొప్పగా ఉంటుంది, అంతే.

యాపిల్ 24 అంగుళాల ఐమ్యాక్ తెర బాగుంటుంది, పీ3 పరిధి, 4.5కే. కానీ అద్దంలా మెరిసే తెర, కిటికీ ఎదురుగా పెడితే మీ ముఖమే కనిపిస్తుంది. మానిటర్ కోసమే దాన్ని కొనే పని లేదు.

సైజు, రిజల్యూషన్

మన దగ్గర ఆల్బమ్ షీట్ సాధారణంగా 12×36 అంగుళాలు. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అది 3600×10800 పిక్సెళ్లు. 1920 వెడల్పు తెర మీద ఆ షీటు మొత్తం పట్టాలంటే 18 శాతం జూమ్‌లో చూడాలి, 2560 తెర మీద 24 శాతంలో. షీటు అమరిక చూసుకోవడానికి రెండోది చాలా హాయి. 27 అంగుళాలకు 1920×1080 మాత్రం తీసుకోవద్దు. అంగుళానికి 82 పిక్సెళ్లే వస్తాయి, అక్షరాలు గరుకుగా కనిపిస్తాయి, షార్ప్‌నెస్ అంచనా తప్పి ఫొటోను అవసరానికి మించి గీరుతారు. 27కు 2560×1440 (అంగుళానికి 109) సరైన జోడీ. 4కే (163) అయితే ఫొటో దాదాపు ప్రింటులాగే కనిపిస్తుంది. కానీ పాత కంప్యూటర్, బలహీనమైన గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఫొటోషాప్ నత్తనడక నడుస్తుంది.

కాలిబ్రేటర్ లేకుండా

మిగిలిన డబ్బుతో కొనాల్సింది కాలిబ్రేటర్, అంటే తెర రంగులను కొలిచి సరిచేసే పరికరం. పదిహేను వేల మానిటర్‌కు పదిహేను వేల కాలిబ్రేటర్ అంటే వినడానికి విడ్డూరంగా ఉంటుంది. అయినా కాలిబ్రేటర్ లేని అరవై వేల మానిటర్ కన్నా ఈ జోడీ ప్రింటుకు దగ్గరగా ఉంటుంది. రాళ్లు సరిచూడని తక్కెడ ఇత్తడిదైనా వెండిదైనా తూకం తప్పే. డేటాకలర్ స్పైడర్, కాలిబ్రైట్ డిస్‌ప్లే పరికరాలు మార్కెట్లో తెలిసిన పేర్లు. ఎక్స్-రైట్ ఫొటో పరికరాలే 2021 నుంచి కాలిబ్రైట్ పేరుతో వస్తున్నాయి. పాత ఎక్స్-రైట్ పరికరం ఎవరి దగ్గరైనా ఉంటే దాన్ని ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్‌ప్లేకాల్‌తో వాడుకోవచ్చు. నెలకోసారి అరగంట పని కాబట్టి నలుగురు స్టూడియోల వాళ్లు కలిసి ఒకటి కొనుక్కుని వంతులవారీగా వాడుకోవడం తెలివైన పని. కొనే ముందు దాని సాఫ్ట్‌వేర్‌ను ఎన్ని కంప్యూటర్లలో వాడనిస్తారో చూడండి.

లెక్కలు ఇలా పెట్టుకోండి: వైట్ పాయింట్ (తెర తెలుపు ఛాయ) 6500 కెల్విన్, గామా 2.2, వెలుగు 100 నిట్స్ చుట్టుపక్కల. ప్రింటును పక్కనే పెట్టి పోల్చే పని ఎక్కువైతే వైట్ పాయింట్‌ను 5000 వైపు జరపడం కొందరికి నప్పుతుంది. వెడల్పు పరిధి మానిటర్ అయితే సాఫ్ట్‌వేర్‌లో బ్యాక్‌లైట్ రకం సరిగ్గా ఎంచుకోవాలి, లేకపోతే కొలతే తప్పుతుంది. మానిటర్ వెలిగించి కనీసం అరగంట ఆగాక మొదలుపెట్టండి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి. యూపీఎస్ మీద పెట్టుకుంటే ఆ విసుగు ఉండదు.

సొంత ప్రింటర్ వాడేవారు ఇంకో మెట్టు ఆలోచించాలి. బజారులో దొరికే 180 జీఎస్‌ఎం గ్లాసీ కాగితానికి ప్రొఫైల్ ఉండదు. ఒక ప్యాకెట్ పచ్చగా, ఇంకోటి ఎర్రగా తేలుతుంది. కాలిబ్రైట్ కలర్‌చెకర్ స్టూడియో లాంటి పరికరం మానిటర్‌నూ ప్రింటర్‌నూ రెండింటినీ కొలుస్తుంది. ధర ఎక్కువే. రోజూ ప్రింట్లు తీసే స్టూడియోకు వృథా అయ్యే సిరా, కాగితంతో పోల్చుకుంటే మోయదగ్గదే.

గది, ఎండ, గోడ

మన వైపు గోడలకు పచ్చ, గులాబీ రంగులు వేసుకోవడం ఇష్టం. ఎడిటింగ్ గదికి అది పనికిరాదు. గులాబీ గోడ మీద పడి తిరిగొచ్చిన వెలుగు కంటిని మోసం చేస్తుంది. మానిటర్ వెనక గోడకు మాసిన తెలుపో, లేత బూడిద రంగో వేయించండి. వేసుకున్న ఎరుపు చొక్కా కూడా తెరలో ప్రతిబింబిస్తుందని చెబితే నవ్వుతారు గానీ అది నిజమే.

ఎక్కువ స్టూడియోల్లో ఉండే "కూల్ డేలైట్" ఎల్‌ఈడీ ట్యూబు 6500 కెల్విన్, నీలి ఛాయ. ప్రింటు చూసేందుకు అంతర్జాతీయ ప్రమాణం 5000 కెల్విన్. ప్రింట్లు చూసే బల్ల మీద 5000 కెల్విన్, సీఆర్‌ఐ (రంగులను ఉన్నట్టు చూపే గుణం) 90కి పైన ఉన్న ఒక్క బల్బు పెట్టుకోండి. కొన్ని వందల రూపాయల ఖర్చు, మానిటర్ మార్చినంత తేడా.

మానిటర్ పుస్తకంలో ఎవరూ చదవని అంకె ఒకటుంది: ఏ వేడి వరకు వాడవచ్చు అన్నది. చాలావాటిలో 40 డిగ్రీలు, కొన్ని ఖరీదైనవాటిలో 35 డిగ్రీలు. కర్నూలు, కడప, అనంతపురాల్లో ఏప్రిల్, మే నెలల్లో బయటి ఎండే 40 దాటుతుంది. ఏసీ లేని మేడమీది గదిలో మధ్యాహ్నం పెట్టిన మానిటర్ హద్దు దాటి పనిచేస్తున్నట్టే. మూడో మెట్టు మానిటర్ కొనే ఉద్దేశం ఉంటే ఏసీ ఖర్చు కూడా ఆ బడ్జెట్‌లోనే రాసుకోండి. కాలిబ్రేషన్ కూడా మీరు మామూలుగా పనిచేసే వేడిలో, పనిచేసే వేళలో చేయండి.

ఎక్కడ కొనాలి, ఏం చూసుకోవాలి

అనంతపురం నుంచి చాలామంది బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకు వెళ్తారు, కర్నూలు వాళ్లు సికింద్రాబాద్ సీటీసీకి, రెండూ కంప్యూటర్ సామాన్ల బజార్లే. ధర కొంత తగ్గుతుంది, కళ్లతో చూసి తెచ్చుకోవచ్చు. కానీ మూడు నెలల తర్వాత తెరలో చుక్క వెలిగితే ఆ బరువును మళ్లీ రెండు వందల కిలోమీటర్లు మోయాలి. ఇంటికే మనిషిని పంపి మానిటర్ మార్చిచ్చే వారంటీ మీ పిన్‌కోడ్‌కు ఉందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి. వెలిగే చుక్క ఒక్కటి ఉన్నా మార్చే కంపెనీలు ఉన్నాయి, ఐదారు దాకా భరించమనేవీ ఉన్నాయి.

దుకాణంలో చూసేటప్పుడు అక్కడి మెరిసే వీడియో చూసి మోసపోకండి. పెన్‌డ్రైవ్‌లో మూడు ఫైళ్లు తీసుకెళ్లండి. మొదటిది తెర నిండా మధ్యస్థ బూడిద రంగు: మూలల్లో గులాబీ, పచ్చ మచ్చలు ఉంటే తెలుస్తాయి. రెండోది నలుపు నుంచి తెలుపుకు నెమ్మదిగా మారే పట్టీ: మెట్లు కనిపిస్తే గుర్తుపెట్టుకోండి. మూడోది మీ దగ్గర మంచి ప్రింటు ఉన్న ఒక ముఖం ఫొటో. ఆ ప్రింటు కూడా వెంట తీసుకెళ్లండి.

ఇంటికి తెచ్చాక చేయాల్సిన పని: హెచ్‌డీఎంఐ కేబుల్‌తో పెడితే గ్రాఫిక్స్ కార్డు సెట్టింగ్‌లో రంగుల పరిధి "ఫుల్" అని ఉందో లేదో చూడండి. "లిమిటెడ్" అని ఉంటే నలుపులు బూడిదగా వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. కొత్త మానిటర్ బాగాలేదని తిప్పి పంపే చాలామంది సమస్య ఇదే. డిస్‌ప్లేపోర్ట్ ఉంటే దాన్నే వాడండి. విండోస్‌లోని నైట్ లైట్, మానిటర్‌లోని కళ్ల రక్షణ మోడ్, డైనమిక్ కాంట్రాస్ట్ అన్నీ ఆపేయండి.

సెకండ్ హ్యాండ్ ఐజో

బెంగళూరు ఆఫీసులు వదిలేసిన పాత ఐజోలు, పాత అడోబీ ఆర్‌జీబీ మానిటర్లు అప్పుడప్పుడు పదిహేను, ఇరవై వేలకు కనిపిస్తాయి. పేరు చూసి మనసు లాగుతుంది. ఐజోలో అయితే మెనూ తెరిస్తే ఎన్ని గంటలు వెలిగిందో చూపిస్తుంది. అమ్మేవాడు చెప్పే సంవత్సరాలు వదిలేసి ఆ అంకె చూడండి. బ్యాక్‌లైట్ ఎల్‌ఈడీ కాకుండా పాత సన్న ట్యూబు దీపాల రకమైతే వద్దు, అవి పసుపుబారి వెలుగు తగ్గుతూ పోతాయి. వెలుగును గరిష్ఠంగా పెట్టించి, కాలిబ్రేటర్‌తో కొలిపించండి. అప్పటికే 120 నిట్స్ దగ్గర తడబడుతుంటే బేరం ఎంత తక్కువకైనా వదిలేసి, ఆ డబ్బుతో కొత్త పీఏ248క్యూవీ తెచ్చుకోండి.